నెల తక్కువ బిడ్డకు ఆపరేషన్ అయిన రాత్రి

నేను మత్తుమందు ఇచ్చే డాక్టర్ని. ఆపరేషన్ చేసిన డాక్టరు పేరు ఇంటిల్లిపాదికీ గుర్తుంటుంది. మత్తు ఇచ్చిన డాక్టరు మొహం కూడా చాలామందికి గుర్తుండదు. అందుకు మాకేమీ బాధ లేదు. కాని ఆపరేషన్ ముందు మేము వచ్చి అడిగే ప్రశ్నలు మాత్రం తల్లులకు గుర్తుండాలి. పసిబిడ్డల విషయంలో మొట్టమొదట అడిగేది, "అమ్మా, బిడ్డ నెలలు నిండే పుట్టాడా?" అని. ఈవేళ ఆ ఒక్క ప్రశ్న గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

నెలలు నిండకుండా పుట్టే పిల్లలు మన దేశంలో తక్కువేమీ కారు. 2020వ సంవత్సరంలో ఒక్క భారతదేశంలోనే సుమారు 30 లక్షలమంది అలా పుట్టారని లెక్క తేల్చారు. ఆ ఏడు ప్రపంచం మొత్తం మీద ముందుగా పుట్టిన ప్రతి అయిదుగురిలో ఒకరు మనవాళ్ళే. పూర్వం వీళ్ళలో చాలామంది దక్కేవారు కారు. ఇప్పుడు జిల్లా ఆసుపత్రుల్లో సైతం పసికందులకోసం ప్రత్యేక విభాగాలు వచ్చాయి. కిలోంబావు, కిలోన్నర బరువుతో పుట్టినవాళ్ళు కూడా బతికి బట్టకట్టి ఇంటికి వెళుతున్నారు. అలా వెళ్ళిన పిల్లల్లో కొందరు రెండు మూడు నెలలు తిరక్కుండానే ఏదో ఒక చిన్న ఆపరేషన్‌కి మళ్ళీ ఆసుపత్రికి వస్తారు.

ఆ చిన్న ఆపరేషన్లలో ఎక్కువగా చూసేది హెర్నియా. పేగు జారడం అంటారు మన ఇళ్ళల్లో. మగపిల్లవాడు తల్లి కడుపులో వుండగా బీజాలు పొట్టలోంచి కిందికి దిగుతాయి. అవి దిగిన దారి పుట్టే వేళకో, ఆ తరవాత కొన్నాళ్ళకో మూసుకుపోవాలి. ముందుగా పుట్టిన బిడ్డకు అంత వ్యవధి ఎక్కడిది? బిడ్డ ఏడ్చినప్పుడు, ముక్కినప్పుడు ఆ దారిన పేగు జారి గజ్జలో ఉబ్బుగా కనిపిస్తుంది. నిద్రపోతే తగ్గిపోతుంది. నెలలు నిండిన పిల్లల్లో నూటికి ఒకరి నుంచి అయిదుగురి దాకా ఇది వుంటే, బాగా ముందుగా పుట్టినవాళ్ళలో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆడపిల్లలకూ వస్తుంది గాని తక్కువ. హెర్నియా కాకపోతే కంటికి లేజర్ చికిత్స వుంటుంది. అది ముందుగా పుట్టిన పిల్లలకు కంటి వెనక పొరలో నరాలు అడ్డదిడ్డంగా పెరిగితే చేసేది. దానికీ కొన్నిచోట్ల మత్తు ఇస్తారు.

హెర్నియా ఆపరేషన్ చూడడానికి ఎంత చిన్నదో చెప్పలేను. వేలెడంత కూడా లేని కోత. అరగంట, ముప్పావుగంట పని. తెలివి వచ్చిన బిడ్డ రెండు గంటల్లో పాలు తాగుతుంది, గట్టిగా ఏడుస్తుంది, కాళ్ళూ చేతులూ ఆడిస్తుంది. ఇంకేముంది, ఇంటికి వెళ్ళిపోవచ్చు కదా అనిపిస్తుంది ఎవరికైనా. పెద్ద పిల్లలను ఆ సాయంత్రమే పంపించేస్తాం కూడా. నెల తక్కువగా పుట్టి, ఇంకా నెలల పసికందుగా వున్న బిడ్డను మాత్రం ఆ రాత్రికి పంపించం. కోత వల్ల భయం లేదు. ఊపిరి వల్ల భయం.

గుక్క పట్టడం మీ అందరికీ తెలుసు. బిడ్డ ఏదో దానికి కినిసి, గట్టిగా ఏడ్చి, ఆ ఏడుపులో ఊపిరి బిగబట్టి నీలంగా అవుతుంది. ఇంట్లోవాళ్ళంతా పరుగెత్తుకొస్తారు. నేను చెప్పే ఊపిరి ఆగడం దీనికి పూర్తిగా వేరు. ఇందులో ఏడుపు లేదు, పెనుగులాట లేదు. బిడ్డ హాయిగా నిద్రపోతున్నట్టే వుంటుంది. ఛాతీ కదలడం ఆగిపోతుంది, అంతే. పసిబిడ్డల ఊపిరి మామూలుగానే గడియారంలా వుండదు. కాసేపు గబగబా తీసుకుని, అయిదు పది సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడతారు. అది సహజం. 20 సెకన్లు దాటి ఆగినా, లేక అంతకంటె తక్కువసేపు ఆగి గుండె వేగం పడిపోయినా, ఒంటి రంగు మారినా దాన్ని డాక్టర్లు ఆప్నియా అంటారు. 20 సెకన్లంటే ఎంత? నేనీ ముక్క మొదలుపెట్టి ముగించేంతసేపు కూడా పట్టదు. పక్కన కూర్చున్న మనిషి కొంగు సర్దుకుని, మంచినీళ్ళు తాగి చూసేసరికి గడిచిపోతుంది.

ఎందుకిలా ఆగుతుందంటే, ఊపిరి తీసుకోమని చెప్పేది మెదడు అడుగు భాగంలో వున్న ఒక కేంద్రం. మనకు రక్తంలో బొగ్గుపులుసు గాలి కాస్త పెరిగినా అది ఊరుకోదు, ఇంకా గట్టిగా ఊపిరి తీయిస్తుంది. ముందుగా పుట్టిన బిడ్డలో ఆ కేంద్రం ఇంకా పచ్చిగా వుంటుంది. గాలి చాలకపోతే మొదట కాసేపు ఊపిరి వేగం పెంచి, ఆ తరవాత తానే మందగిస్తుంది. సరిగ్గా అవసరమైనప్పుడే పని మానేస్తుందన్నమాట. మత్తుమందు ఒంట్లోంచి చాలావరకు పోయినా, మిగిలిన ఆ కాస్త కూడా ఈ పచ్చి కేంద్రాన్ని జోకొడుతుంది. దీనికి తోడు పక్కటెముకలు మెత్తన, ఊపిరి తీసే కండరాలు తొందరగా అలిసిపోతాయి. పసిబిడ్డ ఒంటి బరువుకు తగ్గట్టు చూస్తే మనకంటె రెట్టింపు ప్రాణవాయువు ఖర్చు పెడుతుంది, దాచుకోవడానికి చోటేమో బొత్తిగా తక్కువ. అందుకని మనం నిమిషంసేపు ఊపిరి బిగబట్టినా ఏమీ కాదు గాని, ఆ బిడ్డకు అంతలోనే గుండె నెమ్మదించిపోతుంది.

ఇక వారాల లెక్క. మన పెద్దవాళ్ళు గర్భానికి తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అనేవారు. నెలకు 30 రోజుల చొప్పున వేసుకుంటే అది 279 రోజులు. డాక్టర్లు ఆఖరి ముట్టు మొదలైన రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కిస్తారు. ఒక్క రోజే తేడా! మన అమ్మమ్మల లెక్క ఏమంత కాకిలెక్క కాదు. 37 వారాలు నిండకముందు పుడితే నెల తక్కువ బిడ్డ. అలాంటి బిడ్డకు మేము వయసు రెండు రకాలుగా చూస్తాం. పుట్టి మూడు నెలలయిందని తల్లి అంటుంది. అది నిజమే. కాని బిడ్డ 30 వారాలకే పుట్టిందనుకోండి. మూడు నెలలంటే 13 వారాలు. రెండూ కలిపితే 43. అంటే కడుపులోనే వుండి 40 వారాలకు పుట్టినట్టయితే ఆ బిడ్డకు ఇప్పుడు మూడు వారాలు. పురిటి స్నానాల నాటి పసిగుడ్డు అన్నమాట. ఒళ్ళు కాస్త వచ్చినా, నవ్వుతున్నా, ఊపిరి కేంద్రం ఈ రెండో లెక్క ప్రకారమే ముదురుతుంది.

ఈ సంగతి మొదటినుంచీ తెలిసింది కాదు. కెనడాలో టొరొంటో నగరపు పిల్లల ఆసుపత్రిలో పనిచేసే స్టీవర్డ్ అనే మత్తు డాక్టరు 1982లో రాశాడు, చిన్న చిన్న ఆపరేషన్ల తరవాత నెలలు నిండినవాళ్ళకంటె నెల తక్కువవాళ్ళకే ఊపిరి ఇబ్బందులు ఎక్కువగా వస్తున్నాయని. ఆ తరవాత అమెరికాలో వరసగా పరిశీలనలు జరిగాయి. 1987లో కుర్త్, ఆయన సహచరులు 60 వారాలు నిండని నెల తక్కువ బిడ్డను ఆపరేషన్ తరవాత ఊపిరి ఆగకుండా కనీసం 12 గంటలు గడిచేదాకా కనిపెట్టి వుండాలన్నారు. 1995లో కోటే, ఇతరులు కలిసి అంతకుముందు జరిగిన 8 పరిశీలనల్లోని 255 మంది పిల్లల వివరాలు ఒకచోట చేర్చి చూశారు. ఎంత ముందుగా పుడితే అంత ముప్పు. కలిపిన వారాలు ఎంత తక్కువగా వుంటే అంత ముప్పు. 35 వారాలకు పుట్టిన బిడ్డకు ముప్పు నూటికి ఒకటి కంటె తగ్గిందని గట్టిగా చెప్పాలంటే 54 వారాలు రావాలి. 32 వారాలకు పుట్టిన బిడ్డకైతే 56 వారాలు. రక్తహీనత వుంటే ఈ లెక్క చెల్లదు, ముప్పు ఇంకా వుంటుంది. అందుకే ఒక్కొక్క ఆసుపత్రి 50 దాటి 60 లోపల ఎక్కడో ఒకచోట గీత గీసుకుంది. మనం చెప్పుకున్న 30 వారాల బిడ్డకు 60 ఎప్పుడు వస్తుంది? ఏడు నెలలప్పుడు. అన్నప్రాశన కూడా దాటాక!

ఇంత లెక్కా మొదటి ప్రశ్నకు తల్లి చెప్పే జవాబు మీద ఆధారపడి వుంది. ఆ జవాబే ఒక్కొక్కప్పుడు మాకు దొరకదు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదని మనలో ఒక నమ్మకం వుంది కదా. అది శుద్ధ తప్పు. కడుపులో వున్న ప్రతి వారమూ బిడ్డకు బలమే. కాని ఆ నమ్మకం చేసే చెరుపు ఇంకొకటి వుంది. అది జనాన్ని నోరు విప్పనివ్వదు.

కొన్నేళ్ళ కిందట ఒక పిల్లవాణ్ణి హెర్నియాకు తీసుకొచ్చారు. పుట్టి పదకొండు వారాలు. నేనడిగితే నాయనమ్మగారు, "నెలలు నిండే పుట్టాడు డాక్టరమ్మా. వాళ్ళ నాన్న పోలిక, అందుకే బక్కపలచన" అన్నది. తల్లి తల వంచుకుని నిలబడింది. మరునాడు పొద్దున ఆపరేషన్ గది గుమ్మం దగ్గర బిడ్డను నా చేతికిస్తూ ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "మేడం, ఎనిమిదో నెల రాగానే పుట్టాడండీ. ఆ మాట బయట అనొద్దన్నారు అత్తయ్యగారు" అన్నది. ఆసుపత్రి కాగితం చీరల కింద దాచి తెచ్చింది పాపం. 31 వారాలు అని వుంది అందులో. కలిపితే 42.

ఆపరేషన్ పదకొండు గంటలకల్లా అయిపోయింది. ఒంటిగంటకు పాలు తాగాడు. మూడింటికి నాయనమ్మగారు సంచీ సర్దేసింది, అయిదు గంటల బస్సుకు పోవాలని. "మామ్మగారూ, ఈ రాత్రికి వుండాలి" అన్నాను. "చిన్న ఆపరేషనేగా తల్లీ! అక్కడ గేదెకు గడ్డి వేసే దిక్కు లేదు" అన్నది. ఆవిడ బాధ ఆవిడది. నేను కాసేపు బతిమాలి, కాసేపు కోప్పడి ఆపాను. రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే ఆపరేషన్ అయిన తొమ్మిదిన్నర గంటలకు, మానిటర్ మోగింది. నిమిషానికి 140 కొట్టుకుంటున్న గుండె 80కి పడిపోయింది. పిల్లవాడు తల్లి పక్కలో నిద్రపోతున్నట్టే వున్నాడు. తల్లికి మెలకువే వున్నా తేడా తెలియలేదు. నర్సు పరుగున వచ్చి అరికాలు గట్టిగా రుద్దింది. ఊపిరి తీసుకున్నాడు. అర్ధరాత్రి లోపల ఇంకో రెండుసార్లు అలాగే అయింది. మందు ఇచ్చాం. మరి రాలేదు. మర్నాడు రాత్రి కూడా వుంచి మూడో రోజున పంపించాం. ఆ రెండు రాత్రులూ నాయనమ్మగారు మంచం పక్కనే కూర్చుని ఆ డబ్బా మీది అంకెలు చూస్తూ వుండిపోయింది. గేదె సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ మొదటి సాయంత్రం వాళ్ళు బస్సెక్కి వుంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు. చీకటి బస్సు, శాలువాలో చుట్టిన బిడ్డ. హాయిగా పడుకున్నాడనే అనుకునేవారు అందరూ.

ఇంతకీ కనిపెట్టి వుండడమంటే మంచం పక్కన మనిషి మేలుకుని వుండడం అనుకోకండి. మా పిల్లకు మేమంతా కాపలా వుంటాం, ఇంటికి పంపండి అనేవాళ్ళు చాలామంది. మనిషి కన్ను దీనికి చాలదు. బిడ్డ ఛాతీ మీద మూడు బిళ్ళలు అంటిస్తారు. అవి గుండె కొట్టుకోవడాన్నీ, ఛాతీ కదలికనూ లెక్కపెడతాయి. పాదానికి ఎర్రని వెలుగు వచ్చే పట్టీ ఒకటి చుడతారు. అదే పల్స్ ఆక్సీమీటర్. 2020, 2021ల్లో కరోనా రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకుని చూసుకున్నాం చూడండి, దాని చుట్టమే. దానికి మూలసూత్రం జపాన్ ఇంజనీరు తకువో అయోయాగి కనిపెట్టాడు. అంతకుముందు మత్తు డాక్టర్లు బిడ్డ గోళ్ళ రంగు చూసి, ఛాతీకి స్టెతస్కోపు అంటించి పెట్టుకుని గంటల తరబడి వింటూ కూర్చునేవారు. పెద్దవాళ్ళ వేలికి పెట్టుకునే ఇంటి పరికరం పసిపాదానికి పట్టదు. పట్టినట్టు కనిపించినా అంకె నమ్మకండి.

రెండు పరికరాలూ ఎందుకంటే, ఒక్కొక్కప్పుడు బిడ్డ గొంతు దగ్గర దారి మూసుకుపోతుంది. ఛాతీ మాత్రం ఎగిరి పడుతూనే వుంటుంది. ఛాతీ కదలిక లెక్కపెట్టే యంత్రానికి అది ఊపిరిలాగే కనిపిస్తుంది. గాలి వెళ్ళడం లేదని ఆక్సీమీటరే చెప్పాలి. పాదం ఆడించినా, పట్టీ జారినా అది వట్టినే మోగుతుంది కూడా. ఇక్కడ తల్లులకు ఒక మాట చెప్పుకోవాలి. ఆ మోతకు బిడ్డ ఉలిక్కిపడుతోందని, పక్క మంచంవాళ్ళు విసుక్కుంటున్నారని తోడు వచ్చినవాళ్ళు మోత ఆపేసే బొత్తాం నొక్కుతారు. పాలిచ్చేటప్పుడు పట్టీ తీసి పక్కన పెట్టి మళ్ళీ కట్టడం మరిచిపోతారు. పాలిస్తూ వుండగా కూడా పట్టీ వుంచవచ్చు, తీగ పొడుగ్గానే వుంటుంది. ఎన్నిసార్లు వట్టినే మోగినా నర్సును పిలవండి. నర్సు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. యంత్రం మోగగానే వచ్చి బిడ్డను ముట్టుకునే మనిషి, ముట్టుకున్నా ఊపిరి రాకపోతే ముసుగు పెట్టి ఊపిరి అందించగల మనిషి దగ్గర వుండాలి. ఆ రెండూ లేని చోట నెల తక్కువ బిడ్డకు, ఆగడానికి వీలున్న ఆపరేషన్, చేయించకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్ళడం మేలు. ముందే అడగండి, "రాత్రి మానిటర్ పెడతారా, రాత్రి డ్యూటీలో ఎవరుంటారు?" అని. అడిగితే తప్పేమీ లేదు.

రక్తం సంగతి అన్నాను. నెల తక్కువ పిల్లలకు పుట్టిన ఒకటి రెండు నెలలకు రక్తం బాగా తగ్గుతుంది. హిమోగ్లోబిన్ సుమారు 10 గ్రాముల కంటె తక్కువ వుంటే ఊపిరి ఆగే ముప్పు ఎక్కువ. ఆగడానికి వీలైతే ఐరన్ చుక్కలు వేసి రక్తం పట్టాక చేస్తారు. అందుకని ఆ చుక్కలు పళ్ళు నల్లబడతాయని మానేయకండి. ఇంకా పళ్ళే రాలేదు కదా!

మత్తు లేకుండా వెన్నులో సూది ఇచ్చి చేయకూడదా అని చదువుకున్న తల్లులు అడుగుతారు. చేయవచ్చు. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు డాక్టర్లు పసివాళ్ళకు వెన్నుసూదితో చేసిన ఆపరేషన్ల గురించి 1984లో ప్రకటించాక అది మళ్ళీ వాడుకలోకి వచ్చింది. బిడ్డ మెలకువగానే వుంటుంది, నడుము కింద తిమ్మిరి. నోట్లో తియ్యనినీళ్ళు తడిపిన పీక పెడితే చాలామంది చీకుతూ నిద్రపోతారు. కాని బిడ్డ కదలకుండా వుండడానికని దానికి తోడు నిద్రమందు ఇస్తే ఆ లాభమంతా పోతుంది. 1990లో ప్రకటించిన ఒక పరిశీలనలో వెన్నుసూదితోబాటు కెటమిన్ ఇచ్చిన 9 మందిలో 8 మందికి ఊపిరి ఆగింది. 2015లో 722 మంది పిల్లల మీద పెద్ద పరిశీలన వచ్చింది. వెన్నుసూది, లేదా ఆ మాదిరి తిమ్మిరి మందు మాత్రమే ఇచ్చిన పిల్లలకు మొదటి అరగంటలో ఊపిరి ఇబ్బంది తక్కువే. ఆ తరవాతి గంటల్లో మాత్రం రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదు. అన్నిటికంటె గట్టిగా పనిచేసింది ఒకటే, నెలలు నిండకుండా పుట్టడం. కాబట్టి ఏ పద్ధతిలో చేసినా ఆ రాత్రి వుండక తప్పదు.

పిల్లవాడికి మందు ఇచ్చామన్నాను కదా, అదేమిటో తెలుసా? కెఫీన్. మన కాఫీలో వుండేదే. ఊపిరి కేంద్రాన్ని తట్టి లేపుతుంది. బరువులో కిలోకి 10 మిల్లీగ్రాముల చొప్పున నరానికి ఇస్తే ఆపరేషన్ తరవాత ఊపిరి ఆగడం బాగా తగ్గిందని 1980లలోనే చూశారు. అలాగని ఎవరూ ఉగ్గుగిన్నెలో ఫిల్టర్ కాఫీ కలిపి పట్టకండి! మందు కొలత వేరు, మన డికాక్షన్ కొలత వేరు. ఇది ఇచ్చినా మానిటర్ తీసేయరు.

ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్నది పెద్ద ప్రశ్న. పేగు ఇరుక్కుంటే ఆలోచించే పని లేదు. ఉబ్బు రాయిలా గట్టిపడి, నొక్కితే లోపలికి పోకుండా, బిడ్డ ఆగకుండా ఏడుస్తూ పచ్చగా వాంతి చేసుకుంటే అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి, 108కి ఫోన్ చెయ్యండి. అలా కానప్పుడు, బిడ్డను ప్రత్యేక విభాగం నుంచి ఇంటికి పంపేలోపే చేసేయాలా, ఆగాలా అని డాక్టర్లే చాలాకాలం వాదించుకున్నారు. 2024లో అమెరికాలో 338 మంది నెల తక్కువ పిల్లలతో చేసిన పరిశీలన ఫలితం వచ్చింది. ముందే చేసినవాళ్ళలో నూటికి 28 మందికి ఏదో ఒక తీవ్రమైన ఇబ్బంది వస్తే, 55 వారాలు దాటేదాకా ఆగినవాళ్ళలో 18 మందికి వచ్చింది. ఆగడమే మేలని దాని తాత్పర్యం. అయితే ఆగే కాలంలో ఉబ్బును రోజూ గమనించే తల్లి వుండాలి, ఆసుపత్రికి చేరే దారి వుండాలి. ఊరు దూరమైనవాళ్ళ విషయంలో డాక్టరు ముందే చేద్దామంటే అది మూర్ఖత్వం కాదు. పంచాంగం చూసి మంచిరోజుకోసం నెల ఆగేవాళ్ళం, వారాల లెక్కకోసం ఆగమంటే ఎందుకు కంగారుపడతామో నాకు తెలియదు.

మత్తు వల్ల మెదడు దెబ్బతింటుందేమో అన్న భయం కూడా ఈమధ్య ఎక్కువగా వింటున్నాను. ఇందాక చెప్పిన 722 మంది పరిశీలన వుందే, ఆ పిల్లలకే అయిదేళ్ళు వచ్చాక తెలివితేటలు పరీక్షించి 2019లో ప్రకటించారు. గంటలోపు మత్తు తీసుకున్నవాళ్ళకూ, మెలకువగా వుంచి చేసినవాళ్ళకూ తేడా లేదు. ఆ భయంతో అవసరమైన ఆపరేషన్ మానుకోనక్కర్లేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఇంట్లో జరిగే చిన్న పనులు మాకు చాలా ముఖ్యం. తల్లిపాలు 4 గంటల ముందు ఆపాలి, డబ్బాపాలు 6 గంటల ముందు. అంతకంటె ఎక్కువసేపు మాడ్చకూడదు, రక్తంలో చక్కెర పడిపోయినా ఊపిరి మందగిస్తుంది. ఆఖరిసారి పాలు ఎన్నింటికి ఇచ్చారో నిజం చెప్పండి. ఏడుస్తున్నాడని నానమ్మ చాటుగా వస అరగదీసి నాకించినా, తేనె చుక్క వేసినా చెప్పండి, తిట్టం. (తేనె ఏడాది లోపు పిల్లలకు అసలే కూడదు, అది వేరే కథ.) బిడ్డ ఒళ్ళు చల్లబడకుండా టోపీ, మేజోళ్ళు తెచ్చుకోండి. పుట్టినప్పటి ఆసుపత్రి కాగితాలన్నీ తేవాలి. ఎన్ని వారాలకు పుట్టింది, ఎన్నాళ్ళు గాలి యంత్రం మీద వుంది, ఊపిరి ఆగడం ఎప్పుడైనా జరిగిందా, ఇవన్నీ అందులో వుంటాయి. ఆప్గార్ అని ఒక అంకె కూడా వుంటుంది. అది వర్జీనియా ఆప్గార్ అనే అమెరికా వైద్యురాలి పేరు. పుట్టిన బిడ్డ స్థితిని నిమిషంలో అంచనా కట్టే ఆ పద్ధతిని 1953లో ప్రకటించిన ఆవిడ కూడా మత్తు డాక్టరే, మాకు కాస్త గర్వం. ఆ కాగితాలు పోతే తల్లీబిడ్డల కార్డు చూడండి. ఆఖరి ముట్టు తేదీ, కాన్పు కావలసిన తేదీ అందులో రాసి వుంటాయి.

ఇంటికి పంపాక కూడా కొన్నాళ్ళు బిడ్డను వెల్లకిలా, గట్టి పక్క మీద పడుకోబెట్టండి. మెత్తని దిండు వద్దు, తల ముందుకు వంగితే గొంతు దారి మూసుకుంటుంది. బస్సులో, ఆటోలో ఎత్తుకున్నప్పుడు మొహం మీద శాలువా కప్పకండి, గడ్డం ఛాతీకి ఆనకుండా చూసుకోండి. నొప్పికి డాక్టరు బరువు చూసి రాసిన మందే వెయ్యాలి, ఇంట్లో పెద్దపిల్లకు తెచ్చిన దగ్గుమందు, జలుబు మందు వేస్తే మళ్ళీ నిద్ర, మళ్ళీ ఊపిరి భయం. ఎప్పుడైనా బిడ్డ కదలకుండా రంగు మారితే అరికాలు, వీపు రుద్దండి. పట్టుకుని ఊపకండి. ఊపిరి అందుకున్నా సరే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

టీకాల గురించి కూడా అడుగుతుంటారు. బాగా ముందుగా పుట్టిన పిల్లలకు టీకా వేసిన తరవాత ఒకటి రెండు రోజుల్లో ఊపిరి ఆగడం కొద్దిమందిలో కనిపిస్తుంది. టీకా మానకూడదు. ఆపరేషన్ తేదీ, టీకా తేదీ దగ్గర దగ్గరగా పడితే మాత్రం మత్తు డాక్టరుకు చెప్పండి, కొన్ని రోజులు ఎడం వుండేలా సర్దుతారు. కంటి పరీక్షకు మత్తు ఇచ్చినా, రెండోవైపు హెర్నియాకు మరోసారి వచ్చినా లెక్క మళ్ళీ మొదటినుంచి చూడవలసిందే, పోయినసారి ఏమీ కాలేదని వదిలేయడానికి లేదు. ఆ వారాల సంఖ్య బిడ్డ పేరు పక్కనే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.